రక్తశుద్ధి యంత్రమును, మధుమేహరోగి కన్నులును

మా తరగతిలో శరీరధర్మశాస్త్ర పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి యిట్లడిగెను: “అయ్యా! మా తాతగారికి చాలకాలముగా చక్కెర వ్యాధి కలదు. మూత్రపిండములు చెడిపోయినందున వారమునకు మూడు సారులు డయాలిసిస్ చేయించుచున్నాము. అది మొదలయిన కొలది నెలలకే వారి కుడికంటి చూపు పోయినది. యంత్రమే కన్ను పోగొట్టినదని తలచి మా యింటివారు దానిని మాన్పింప జూచుచున్నారు. తమరేమందురు?”

వైద్యుని యాలోచన లేక మాన్పింపవలదని ఆ క్షణముననే చెప్పితిని. మూత్రపిండములు పూర్తిగా చెడినవారు డయాలిసిస్ మానినచో కొలది దినములలోనో, వారములలోనో ప్రాణమునకే ముప్పు వచ్చును. కాని యతని ప్రశ్నకు కారణసహితమైన సమాధానము గంట కొట్టులోపల చెప్పుటకు వీలుపడలేదు. ఇట్టి సందేహము పెక్కు గృహములలో నుండునని యెంచి ఆ సమాధానము నిచ్చట వ్రాయుచున్నాను.

మొదట మూత్రపిండమునకును కంటికిని గల సంబంధమును తెలిసికొనవలెను. మన మూత్రపిండము లొక్కొక్కదానియందు సుమారు 10 లక్షల నెఫ్రానులు గలవు. ప్రతి నెఫ్రాను మొదటను వెండ్రుకకన్న సన్నని రక్తనాళముల యుండ యొకటి యుండును. ఈ యుండలు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. అందు మిక్కిలి భాగము తిరిగి రక్తములో చేరగా, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రము మూత్రమై వెలువడును. ఇక కంటి వెనుకగోడకు నేత్రపటలమను పలుచని పొర గలదు. వస్తువుల ప్రతిబింబము పడునది దానిమీదనే. దానిని పోషించునవియు నట్టి సన్నని నాళములే.

రక్తములో చక్కెర యేండ్ల తరబడి హెచ్చుగా నున్నచో ఈ నాళముల గోడలు చెడును. కొన్ని కారును, కొన్ని మూసికొనిపోవును. మూత్రపిండములో నవి కారినప్పుడు మాంసకృత్తులు మూత్రములో పోవును. కంటిలో కారినప్పుడు నేత్రపటలము ఉబ్బి చూపు మసకబారును. కంటిలోని నాళములు మూసికొనిపోయినచోట, ప్రాణవాయువు చాలక, క్రొత్త నాళములు మొలచును. ఇవి మిక్కిలి పెళుసైనవి. ఒకనాడు చిట్లి కంటిలోపల రక్తము నింపును. దుఃఖకరమైన సంగతి యేమనగా, ఆ దినము వచ్చువరకును రోగికి నొప్పి యుండదు. పలువురకు చూపును తగ్గదు. కావున మూత్రపిండములు చెడి యంత్రము నాశ్రయించు నాటికే మధుమేహరోగులలో మిక్కిలిమంది కన్నులు కొంత చెడియే యుండును. ఒకే చెద రెండు దూలములను తిన్నది. రెండవ దూలము తరువాత విరిగినంతమాత్రమున, నడుమ వచ్చిన వడ్రంగిని నిందింపరాదు.

ఇక యంత్రము సంగతి. 1943వ సంవత్సరమున హాలెండు దేశము జర్మనుల యాక్రమణలో నుండగా, కాంపెన్ అను చిన్న పట్టణములో విలెమ్ కోల్ఫ్ అను వైద్యుడు సెల్లోఫేను గొట్టమును ఒక పీపావంటి చట్రమునకు చుట్టి, ఉప్పునీటితొట్టిలో త్రిప్పుచు, రోగి రక్తము నా గొట్టములో పాఱించెను. మొదటి రోగులు దక్కలేదు. 1945లో 67 ఏండ్ల స్త్రీ యొకతె బ్రదికినది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు చేతి రక్తనాళములకు శాశ్వతముగా నమర్చదగిన గొట్టమును కల్పించెను. అంతటినుండి ఏండ్ల తరబడి మరల మరల డయాలిసిస్ చేయుట సాధ్యమయ్యెను. నేటి యంత్రములో వేలకొలది బోలు పోగులు గలవు. రక్తము పోగుల లోపలను, శుద్ధద్రవము వెలుపలను ప్రవహింపగా, యూరియా మొదలగు మలినములును అధికమైన నీరును ఇవతలికి వచ్చును. మామూలుగా వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగేసి గంటలు పట్టును.

అయితే ఈ పని కంటికి తగులకుండునా? తగులును, కాని జనులు తలచునట్లు కాదు.

మొదటిది, నీరు. పనిచేయు మూత్రపిండము రేయింబవళ్లు కొంచెము కొంచెముగా తీసివేయు నీటిని యంత్రము నాలుగు గంటలలో తీసివేయవలెను. దేహమున నీరు నిలిచినప్పుడు నేత్రపటలము వాపు హెచ్చవచ్చును. నీరు తగ్గినప్పుడు కొందరికి ఆ వాపు తగ్గి చూపు తేరుకొనును.

రెండవది, కంటిలోని ఒత్తిడి. రక్తములోని యూరియా త్వరగా తగ్గును, కంటిలోనిది మెల్లగా తగ్గును. అందుచే నీరు కంటిలోనికి లాగబడి ఒత్తిడి పెరుగవచ్చును. నీటిని తీసివేసినందున రక్తము చిక్కబడి, కంటినుండి నీటిని వెలుపలికి లాగి ఒత్తిడిని తగ్గించుటయు గలదు. పలువురలో నీ మార్పు స్వల్పమే. నీటికాసులు గలవారికి మాత్రము డయాలిసిస్ నడుమ కంటినొప్పి, తలనొప్పి కలుగవచ్చును.

మూడవది, రక్తపుపోటు. అధికమైన నీటిని తొందరగా తీసినచో రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోవును. అరుదుగా దృష్టినాడికి రక్తము చాలక చూపు హఠాత్తుగా పోవచ్చును. రక్తహీనత గలవారి కీ భయ మెక్కువ.

నాల్గవది, హెపారిన్. యంత్రములో రక్తము గడ్డకట్టకుండుటకై యిచ్చు మందిది. కంటిలో రక్తస్రావము దీనివలననే యని పూర్వము వైద్యులును శంకించిరి. పిమ్మట పరిశీలింపగా, దీనివలన నా యపాయము చెప్పుకొనదగినంతగా పెరిగినట్లు కనబడలేదు. చిట్లునవి ముందే మొలచిన పెళుసునాళములు. 1970 ప్రాంతమున డయాలిసిస్ పొందు మధుమేహరోగులలో అనేకులు గ్రుడ్డివారైరి. రక్తపుపోటును అదుపులో నుంచుటయు, పెళుసునాళములకు లేసరు కిరణములతో చికిత్స చేయుటయు వ్యాపించిన పిదప ఆ దురవస్థ చాల తగ్గినది. తగిన సమయమున చేసిన లేసరు చికిత్స తీవ్రమైన చూపునష్టమును సగమునకు పైగా తగ్గించునని 1970 తరువాతి యేండ్లలో అమెరికాలో జరిగిన గొప్ప పరిశోధన నిరూపించెను. నేడు కంటిలోనికి నిచ్చు సూదిమందులును గలవు.

చక్కెరను గూర్చి యొక మాట. మూత్రపిండములు చెడినవారి దేహములో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుచును. పాత మోతాదే చక్కెరను మితిమీరి తగ్గించి, చెమటను, కంపమును, చూపు మసకను కలిగింపవచ్చును. మూడు నెలల చక్కెరను తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షయు వీరిలో నిజముకన్న తక్కువ చూపుట కలదు. కావున మోతాదు నిర్ణయము వైద్యునిదే గాని యింటివారిది కాదు.

ఇంటివారు చేయదగినవి కొన్ని గలవు. డయాలిసిస్ ఆరంభకాలముననే కంటిపాపను విప్పార్చు చుక్కలు వేయించి నేత్రపటలమును పరీక్ష చేయింపవలెను. పిమ్మట సంవత్సరమున కొకసారియైనను, వైద్యుడు చెప్పినచో నింకను ముందుగను, చేయింపవలెను. డయాలిసిస్ లేని దినమున పోవుట రోగికి సుఖము. ఆవకాయ, అప్పడము, ఉప్పుచేప తగ్గింపవలెను. ఏలయనగా ఉప్పు దాహమును, దాహము నీటిని, నీరు బరువును పెంచును. పెరిగిన బరువును యంత్రము తొందరగా తీయవలసివచ్చును. కంటిముందు నల్లని చుక్కలు జల్లుగా పడినను, తెఱ దిగినట్లున్నను, చూపు హఠాత్తుగా తగ్గినను, కన్ను ఎఱ్ఱనై నొప్పిపెట్టినను మరునాటివరకు ఆగరాదు.

ఆ విద్యార్థి తాతగారిని నేత్రవైద్యునియొద్దకు గొనిపోయిరి. కుడికంట చిట్లిన నాళములు చాలకాలము క్రిందటనే మొలచినవని వైద్యుడు చెప్పెనట. ఎడమకంటను నట్టివే మొలచియుండగా లేసరు చికిత్స చేసెను. డయాలిసిస్ మానలేదు. పోయిన చూపు పూర్తిగా రాలేదు. ఉన్న చూపు నిలిచినది. “ఇన్నేండ్లలో ఒక్కనాడైనను కన్ను చూపించుకొమ్మని నాకెవ్వరును చెప్పలేదురా, అబ్బాయీ!” యని ఆ వృద్ధుడు మనుమనితో ననెనట.

విద్యార్థులారా! మీ యింట మధుమేహముగల పెద్ద లున్నచో, ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు వారి నొక ప్రశ్న యడుగుడు: “తమకు నేత్రపరీక్ష యెప్పుడు జరిగినది?” ఉత్తరము సరిగా రానిచో, మీరే తోడుపోయి చేయింపుడు.