రోజుకో పేరుతో వచ్చే ఫైలు

మార్కెట్ నడిచిన ప్రతి రోజూ, లావాదేవీలు ముగిశాక నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఒక ఫైలు విడుదల చేస్తుంది. దాన్ని భావ్‌కాపీ అంటారు. ఆ రోజు ఏ షేరు ఎంత దగ్గర మొదలైంది, ఎంతదాకా ఎగబాకింది, ఎక్కడ ముగిసింది, అన్నీ అందులో ఉంటాయి. పట్టిక తీరు నిన్నటిదే. పేరులోని తేదీ మాత్రం రోజుకొకటి.

చిక్కంతా అక్కడే. ఎక్సెల్‌లో క్వెరీని నిన్నటి ఫైలుకు ముడిపెడితే, ఎన్నిసార్లు రిఫ్రెష్ నొక్కినా నిన్నటి ధరలే వస్తాయి. చాలామంది ముందుగా ఇండైరెక్ట్ ఫార్ములాను పట్టుకుంటారు. గడిలో తేదీ మారిస్తే ఫైలు పేరూ మారుతుంది, నిజమే. కానీ ఆ పేరున్న ఫైలు తెరిచి ఉంటేనే ఆ ఫార్ములా పనిచేస్తుంది.

ఇంతకన్నా గట్టి దారి పవర్ క్వెరీ. డేటాను తెచ్చిపెట్టే ఈ సాధనం ఎక్సెల్ 2016 వెర్షన్ నుంచి అందులోనే ఉంది. దానికి ఫైలు బదులు ఫోల్డర్‌ను చూపితే, లోపలి ఫైళ్లనే ఒక పట్టికగా పరుస్తుంది: పేరు, రకం, మార్చిన తేదీ. అంటే ఫైలు పేరు కూడా డేటాయే! వడపోయవచ్చు, వరుసలో పేర్చవచ్చు, పైనున్న ఒక్కదాన్నే తీసుకోవచ్చు. రోజూ చేయాల్సిందల్లా జిప్‌గా వచ్చే కొత్త ఫైలును విప్పి ఆ ఫోల్డర్‌లో వేసి, రిఫ్రెష్ నొక్కడం.

అయితే 'మార్చిన తేదీ'ని నమ్ముకోకూడదు. పాత ఫైలును ఎవరైనా తెరిచి సేవ్ చేస్తే అదే కొత్తదైపోతుంది. పేరులోని తేదీయే నమ్మకం, అదీ సంవత్సరం ముందుంటేనే. భావ్‌కాపీ పాత పేర్లలో రోజు, ఇంగ్లిషులో మూడక్షరాల నెల, ఆ తర్వాత సంవత్సరం ఉండేవి. అక్షరక్రమంలో పేర్చితే 2023 ఏప్రిల్ 3 పక్కనే ఆగస్టు 3 వచ్చి కూర్చునేది. 2024 జులైలో ఎక్స్ఛేంజ్ కొత్త ఫార్మాట్‌కు మారింది. ఇప్పుడు తేదీ 20240708 రూపంలో వస్తోంది కాబట్టి పేర్ల వరుసే తేదీల వరుస.

ఆ మార్పుతో కాలమ్‌ల శీర్షికలూ మారాయి. పాతవీ కొత్తవీ ఒకే ఫోల్డర్‌లో వేసి కలిపితే, పవర్ క్వెరీ ఒక నమూనా ఫైలుకు చేసిన పనులనే అన్నిటికీ చేస్తుంది. శీర్షిక కుదరని చోట లోపం చూపవచ్చు, లేదా ఖాళీ గడులు మిగలవచ్చు. లోపం కనబడుతుంది, ఖాళీలు కనబడవు. హాని వాటితోనే ఎక్కువ.

మీ దుకాణం, బడి, ఆఫీసు లెక్కల ఫైళ్లకు ఈ నెల నుంచే సంవత్సరం, నెల, రోజు వరుసలో ఎనిమిది అంకెల తేదీ పెట్టండి. ఏప్రిల్‌ను 4 అని కాక 04 అని రాయండి. లేకపోతే అక్షరక్రమంలో అక్టోబరు దానికంటే ముందొస్తుంది.