టాకొనైట్

ఇనుముతో పనిలేని ఇల్లు లేదు. పొలంలో నాగలి కర్రు, వంటింట్లో కత్తిపీట, ఊరి పక్కన రైలు పట్టాలు - అన్నింటికీ ఇనుమే ఆధారం. అయితే ఇనుము భూమిలో సాధారణంగా విడిగా దొరకదు. ఆక్సిజన్‌తో కలిసి రాతిలో ఉంటుంది. రాతిలో ఇనుము పాలు ఎక్కువగా ఉంటే దానిని మేలురకం ఖనిజం అంటారు. తక్కువగా ఉంటే నాసిరకం ఖనిజం అంటారు. టాకొనైట్ ఇటువంటి నాసిరకం ఖనిజశిల. వంద కిలోల రాతిలో ఇనుము సుమారు 25 నుంచి 30 కిలోలు మాత్రమే ఉంటుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం చెకుముకి జాతి రాయి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మెసాబి అనే కొండల వరుస ఉంది. అక్కడి టాకొనైట్ దాదాపు 190 కోట్ల సంవత్సరాల నాటిది. హొరేస్ వించెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు. తూర్పు అమెరికాలోని టాకొనిక్ పర్వతాల శిలలకూ దీనికీ సంబంధం ఉందని ఆయన భావించాడు. అది నిజం కాదని తరువాత తేలింది. కాని పేరు మాత్రం నిలిచిపోయింది.

1892 నుంచి మెసాబి గనుల మేలురకం ఖనిజం ఉక్కు కర్మాగారాలకు వెళ్ళసాగింది. టాకొనైట్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇంత గట్టి రాతిని తవ్వడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే అనుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఓడలకు, ట్యాంకులకు ఉక్కు ఎంతో అవసరమైంది. మేలురకం నిల్వలు వేగంగా తరిగిపోయాయి. గనులు మూతపడితే వాటిని నమ్ముకున్న ఊళ్ళ గతి ఏమిటి? మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ డేవిస్ అనే ఆచార్యుడు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఈ రాతిపై ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయన కృషి దారి చూపింది.

ఆ పద్ధతి ఇది. ముందు మందుగుండుతో రాతిని పేలుస్తారు. ముక్కలను యంత్రాలలో పిండిలా నూరుతారు. టాకొనైట్‌లోని ఇనుప ఖనిజాన్ని అయస్కాంతం ఆకర్షిస్తుంది. కాబట్టి నీటితో కలిపిన పిండిని అయస్కాంతాల మీదుగా పంపితే ఖనిజం అంటుకుంటుంది, రాతిపొడి కొట్టుకుపోతుంది. ఆ పొడి ఖనిజాన్ని నేరుగా కొలిమిలో వేస్తే గాలి ఆడదు. అందుకే దానిలో జిగురుమన్ను కలిపి, తిరిగే పీపాలలో దొర్లించి, గోళీలంత ఉండలు చేసి కాలుస్తారు. ఈ ఉండలలో ఇనుము సుమారు 65 శాతం ఉంటుంది.

ఇనుము దొరికింది సరే, మిగిలిన రాతిపొడి మాటేమిటి? మూడు టన్నుల రాతి నుంచి వచ్చే ఉండలు సుమారు ఒక టన్ను మాత్రమే. సిల్వర్ బే అనే చోట ఒక కర్మాగారం 1955 నుంచి రోజుకు సుమారు 67 వేల టన్నుల పొడిని సుపీరియర్ సరస్సులో కలిపింది. ఆ సరస్సు నీటినే పట్టణాలవారు తాగేవారు. 1973లో ఆ తాగునీటిలో ఆస్‌బెస్టాస్ వంటి సన్నని నార కనబడింది. ప్రజలు ఆందోళన చెందారు. కోర్టులలో చాలా కాలం పోరాటం సాగింది. చివరకు 1980లో పొడిని సరస్సులో వేయడం ఆగి, నేలమీదనే నిల్వచేయడం మొదలైంది. సరస్సుకు బెడద తప్పింది.

కర్ణాటకలోని కుద్రేముఖ్‌లోనూ ఇటువంటి నాసిరకం అయస్కాంత ఖనిజమే ఉంది. అక్కడ కూడా రాతిని నూరి, ఖనిజాన్ని నీటితో కలిపి గొట్టాల ద్వారా మంగళూరుకు పంపేవారు. తవ్వకం వల్ల అడవికీ భద్రానదికీ హాని కలుగుతున్నదన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2002 నాటి తీర్పు ప్రకారం 2005 చివర గని మూతపడింది. ఆ కొండలలో పుట్టిన భద్ర, తుంగతో కలిసి తుంగభద్రగా బళ్ళారి, కర్నూలు సీమల పొలాలను తడుపుతుంది.

పనికిరాదన్న రాతిని పనికివచ్చేటట్లు చేసింది మానవుని తెలివి. ఆ పని చేసేటప్పుడు మిగిలిన పొడి ఎవరి నీటిలో కలుస్తుందో ముందుగా ఆలోచించడం కూడా ఆ తెలివిలో భాగమే.