అడవి తగలబడే కాలంలో ఊటీ ప్రయాణమా? బొమ్మనహళ్ళిలోనే తేల్చుకోండి

సెలవులు దగ్గరపడితే బొమ్మనహళ్ళిలో మన ఇళ్ళల్లో ఒకటే మాట: ఈసారి ఎక్కడికి? అన్నదమ్ములు, వదినలు, పిల్లలు, నానీ అందరూ కలిసి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటారు. వెనక గ్యాస్ స్టవ్వు, బిర్యానీ దేగ్చా, చాపలు. దారీ అలవాటైనదే. నైస్ రోడ్డు ఎక్కి మైసూరు, గుండ్లుపేట, బండీపూర్ అడవి మీదుగా ఊటీ. కానీ ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఆ అడవికి నిప్పు గండం ఉందన్న సంగతి బండి మాట్లాడేటప్పుడు ఎంతమందికి గుర్తుంటుంది?

2019 ఫిబ్రవరి మూడో వారంలో బండీపూర్‌లో అంటుకున్న మంట పది వేల ఎకరాలకు పైగా అడవిని కాల్చింది. 25న వైమానిక దళం హెలికాప్టర్లు తెచ్చి పైనుంచి నీళ్ళు పోయాల్సి వచ్చింది. మధ్యలో 23న ఇక్కడ మన బెంగళూరులోనే, యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శనకు వచ్చినవారి కార్లు పార్కింగ్ మైదానంలో దాదాపు 300 కాలిపోయాయి. అక్కడా ఎండుగడ్డి మీదుగానే నిప్పు పాకింది.

ఆ రోజుల్లోనే ఊటీ నుంచి తిరిగి వచ్చిన ఒక పెద్దావిడను కొడుకులు మా దవాఖానాకు తీసుకొచ్చారు. ఆమెకు పాత ఉబ్బసం. అడవిలో మంట వారికి కనబడనే లేదట, సన్నటి పొగమంచులాంటిది మాత్రం కనబడిందట. పిల్లలు సరదాగా కిటికీలు తెరిచారు. గూడలూరు చేరేసరికి ఆమెకు మాట పూర్తిగా రావడం లేదు. ఇన్హేలర్ ఎక్కడుంది? బండి పైన కట్టిన సూట్‌కేసులో!

పాఠకులారా, యూనానీ వైద్యంలో ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలను అస్బాబె సిత్తా జరూరియా అంటాము. వాటిలో మొదటిది గాలి. తిండి, నీళ్ళు, నిద్ర అన్నీ దాని తర్వాతే. ఆవిరి, పొగ కలవని గాలే మంచి గాలి అని ఇబ్న్ సీనా అల్ ఖానూన్‌లో చెప్పారు. పొగ గుణం వేడి, ఖుష్కీ. ఊపిరితిత్తులకు తడి కావాలి. నేటి వైద్యం దీన్నే మరోలా చెబుతుంది. పొగలోని అతి సన్నని కణాలు, పీఎం 2.5 అనేవి, లోపలి గాలిగదుల దాకా పోయి అక్కడ వాపు తెస్తాయి. తడి రుమాలు, దుపట్టా వాటిని ఆపలేవు. ముఖానికి బిగుతుగా అంటుకునే ఎన్‌95 మాస్కు ఆపుతుంది. గడ్డం దట్టంగా ఉన్నవారికి పక్కల నుంచి గాలి దూరుతుంది కనుక దానితోనూ పూర్తి రక్ష లేదు.

ఇక సమయం సంగతి. 2009 నుంచి బండీపూర్ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలపై నిషేధం ఉంది. అందుకే మనవాళ్ళు అర్ధరాత్రి బయలుదేరి ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలనుకుంటారు. కాని రాత్రి చల్లదనానికి పొగ కిందికి దిగి లోయల్లో కూర్చుంటుంది. తెల్లవారుజామునే అది ముక్కు ఎత్తులో ఉంటుంది. ఎండ ఎక్కాక లేస్తుంది. మధ్యాహ్నం దాటితే గాలి వీచి మంట పెరుగుతుంది. పొగ తక్కువగా ఉన్న రోజు దాటక తప్పకపోతే తొమ్మిది, పది గంటల వేళ నయం. బండి అద్దాలు మూసి, ఏసీని బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగేలా పెట్టమని డ్రైవర్‌కు ముందే చెప్పండి. అడవి దాటాక అద్దాలు దించి కాసేపు గాలి మార్చండి. అద్దాలు సరిగా మూయని పాత బండిని బేరం కుదిరిందని తీసుకోకండి.

గుండ్లుపేటలో చాయ్ తాగుతూ చూద్దాంలే అనుకోవద్దు. అక్కడి నుంచి పక్కకు తిరిగి చామరాజనగర్, సత్యమంగళం వైపు వెళ్ళినా మళ్ళీ అడవే. కనుక నిర్ణయం ఇంట్లోనే జరగాలి. ముందురోజు మీరు దిగబోయే లాడ్జికి ఫోను చేసి, వాసన వస్తోందా, కళ్ళు మండుతున్నాయా అని అడగండి. నాసా వారి ఫర్మ్స్ పటంలో ఉపగ్రహం చూసిన మంటలు చుక్కలుగా కనబడతాయి, పిల్లలు ఫోనులో చూసి చెబుతారు. మైసూరు గాలి సూచీ మైసూరు సంగతే చెబుతుంది, అడవిది కాదు. ఆ అంకె 200 దాటితేనే ‘చెడు’ తరగతి, కాని ఉబ్బసం ఉన్నవారికి 100 దాటినప్పుడే జాగ్రత్త కావాలి.

మంట ఉందని తేలితే మనకు ఒక సౌకర్యం ఉంది. బొమ్మనహళ్ళి హోసూరు రోడ్డు మీదనే ఉంది. కృష్ణగిరి, సేలం, అవినాశి, మేట్టుపాళయం మీదుగా ఊటీ చేరవచ్చు. వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువే, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, పెద్దలకు నడుం నొప్పి కూడా. అయినా నేను ఇదే చెబుతాను. అయితే కొండలు మొదలయ్యే మేట్టుపాళయం పైన కూడా ఆ రోజు సంగతి అడిగి తెలుసుకోవాలి. 2024 మే నుంచి నీలగిరికి ఈ-పాస్ పద్ధతి వచ్చింది, దాన్నీ ముందే చూసుకోండి. రాయచోటి మీదుగా కడపకు వెళ్ళేవారికి గువ్వలచెరువు ఘాట్ ఉంది. 2014 మార్చిలో శేషాచలం ఎలా కాలిందో మనవాళ్ళు మరువలేదు.

జోషాందా సంగతి అందరూ అడుగుతారు. ఉన్నాబ్, సపిస్తాన్, గులె బనఫ్షా, అతిమధురం వేసి కాచిన కషాయం ఎండిన గొంతుకు హాయినిస్తుంది. ఫ్లాస్కులో పట్టుకెళ్ళండి. కాని లోపలికి పోయిన పొగను అది కడిగి తీయదు. ఇన్హేలర్ బదులు కాదు, దాన్ని మానమని ఏ హకీమూ చెప్పకూడదు. రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు అతిమధురం మానాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఖమీరా, షర్బత్‌ల జోలికి పోవద్దు. రాత్రి బసలో లోబాన్, దోమల చుట్ట వెలిగించకండి. పొగ తిన్న ఛాతీకి మళ్ళీ పొగ ఎందుకు?

అడవిలో బండి ఆపి స్టవ్వు వెలిగించడం అసలే వద్దు. ఈ మంటల్లో చాలావరకు మనుషుల చేతి నుంచి పుట్టినవే.

మాట మధ్యలో తెగడం, పెదవులు నీలం కావడం, పిల్లల పక్కటెముకలు లోపలికి లాగడం కనిపిస్తే కషాయం కాచుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. అడవిలో సిగ్నలు దొరకని చోట్లుంటాయి కనుక దగ్గరి ఆసుపత్రి ఏ వైపో డ్రైవర్‌ను ముందే అడిగి ఉంచుకోండి. ఇన్హేలర్ నానీ చేతిసంచిలోనే ఉండాలి, ఆ సంచి ఆమె ఒళ్ళో ఉండాలి.