చెరువుకో ప్రోగ్రాం రాయనక్కర్లేదు

రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రాత్రంతా నాచూ రొయ్యలూ పీల్చుకోవడమే తప్ప, ఎండ తగిలితేగానీ నీళ్లలో మళ్లీ పుట్టదు. రేపల్లె వైపు రైతు ఆ వేళ టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగేది, ఏరియేటర్లు ఆగాయేమోనని చూసేది అందుకే.

అలాంటి ఒక చెరువు కోసం తెనాలిలో కూర్చుని నా మొదటి సెన్సార్ ప్రోగ్రాం రాశాను. ఆక్సిజన్ కొలవడం, రేడియోలో పంపడం, బ్యాటరీ మిగలడానికి నిద్రపోవడం, అన్నీ ఒకే ముద్దగా కలిపేశాను. మరుసటి ఏడు బాపట్ల ఇసుక నేలలో వేరుశనగకు తేమ కొలవాలన్నారు. మారింది సెన్సార్ ఒక్కటే. ప్రోగ్రాం మాత్రం మొదటినుంచీ మళ్లీ రాయాల్సి వచ్చింది. నెలన్నర పోయింది. ఆ నెలన్నర నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఎందుకంటే, దీనికి మందు బర్క్‌లీ పరిశోధకులు 2000 ప్రాంతంలోనే టైనీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపంలో తయారుచేశారు. ప్రోగ్రాంను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఏ భాగం ఏమిస్తుందో, ఏమడుగుతుందో ముందే ఒప్పందంగా రాసుకోవడం దాని పద్ధతి. ఒప్పందం మారనంతకాలం లోపలి భాగాన్ని తీసి వేరేది పెట్టుకోవచ్చు. మోటారు కాలిపోతే పైపులైను తవ్వకుండా కొత్త మోటారు బిగించినట్టు. టైనీఓఎస్ నడిచిన అప్పటి మైకా సెన్సార్ పరికరాల్లో ర్యామ్ 4 కిలోబైట్లే. అయినా 2002లో అమెరికాలోని గ్రేట్ డక్ ఐలాండ్‌లో సముద్రపక్షుల గూళ్లను అవే కనిపెట్టి చూశాయి.

మన ఇంజనీరింగ్ విద్యార్థులకు నా మనవి: ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే సెన్సార్ భాగాన్ని రేడియో భాగం నుంచి విడదీయండి.