పువ్వుకన్నా ముందు కాండం

వానలు మొదలైన కొన్నాళ్లకు మదనపల్లె–పుంగనూరు రోడ్డు పక్కన తుమ్మి తెల్లగా పూస్తుంది. అందరి కళ్లూ పువ్వు మీదే ఉంటాయి. నేను మాత్రం ముందు కాండాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూస్తాను. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు తగులుతాయి. పెరట్లో తులసి కాండమూ అంతే. రెండూ ఒకే కుటుంబం. ఆకులు ఎదురెదురు జంటలుగా వస్తాయి. అందుకే పూత లేని రోజుల్లోనూ తుమ్మిని గుర్తుపట్టవచ్చు.

ఆ పక్కనే గడ్డిచామంతి ఉంటుంది. దెబ్బ తగిలితే మన పల్లెల్లో దీని పసరే పిండుతారు. ఇది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు. నడుమ పసుపుపచ్చగా కనిపించే ప్రతి చుక్కా ఒక పువ్వే. అంచున రేకులా కనిపించేదీ విడి పువ్వే, దాని కొన మూడుగా చీలి ఉంటుంది. ఒక భూతద్దం కొనుక్కోండి, ఇదంతా మీకే కనిపిస్తుంది.

గడ్డిచామంతి కుటుంబంలోదే వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర దీన్ని గుర్తించారు, తర్వాత దేశమంతా పాకింది. చుట్టూ వేరే విత్తనాలు మొలవకుండా చేసే రసాయనాలు ఇందులో ఉన్నాయి. కొందరికి తాకితే ఒళ్లంతా దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. పూతకు రాకముందే చీలికల ఆకును బట్టి పోల్చుకుని, చేతికి తొడుగు వేసుకుని పీకాలి. ఇది కమ్మేసిన గట్టు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అలాంటి చోట విష్ణుక్రాంతం కనిపించదు మరి.

విష్ణుక్రాంతం నేలను అంటుకుని పాకే చిన్న మొక్క, నీలి పువ్వు. కుప్పం వైపు ఎర్రనేలల్లో దీన్ని చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. అయితే ఆ వైపు కౌండిన్య అభయారణ్యం అంచుల్లో ఏనుగులు తిరుగుతాయి, రోడ్డు దిగి పొదల్లోకి పోవద్దు.

వినాయక చవితికి చెప్పే 21 పత్రిలో విష్ణుక్రాంతమూ ఉంది, ఉత్తరేణీ ఉంది. ఇప్పుడు పత్రిని బజారులో కట్టగా కొని, విప్పి చూడకుండానే పూజలో పెట్టేస్తున్నాం. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఉత్తరేణి వెన్ను చూపించండి. గింజలు కిందికి వాలి ఉంటాయి, రాసుకుంటూ నడిస్తే బట్టలకు అంటుకుంటాయి. జంతువుల ఒంటికీ అలాగే పట్టుకుని ఊరూరా తిరుగుతాయి. ఉమ్మెత్త కూడా పత్రిలోదే, కానీ మొక్కంతా విషం. దాన్ని పెద్దవాళ్లే తెంపాలి, ఇంటికి రాగానే అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.