వ్రేలిముద్రయు, దానిని చదువు నుద్యోగియు



మన పల్లెలలో చదువురానివానిని ‘వేలిముద్రగాడు’ అని చులకనగా ననుట వాడుక. ఆ చులకన యిక చెల్లదు. దస్తావేజు రిజిస్ట్రీ మొదలు పాసుపోర్టు వఱకు, ఎంతటి విద్యావంతుడైనను నేడు వ్రేలు చాపవలసియే యున్నది. ఆ వ్రేలినుండి ముద్ర తీయుటయు, తీసిన ముద్రను మఱియొకదానితో సరిచూచుటయు నొక వృత్తియైనది. మీ మనుమలలో కొందఱా పనిలో చేరియుందురు, చేరబోవుచుందురు. ఆ పని యెట్టిదో, దాని బాధ్యత యెంతటిదో నేడు మనవి చేసెదను.

హైదరాబాదున గోలకొండ కోటకు సమీపమున టోలిచౌకి యను పేట కలదు. అచ్చట పెక్కేండ్లు పాసుపోర్టు సేవాకేంద్ర మొకటి నడిచి, 2025లో రాయదుర్గమునకు తరలినది. బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోదలచి యా కేంద్రమున వరుసలో నిలిచినవా రెందఱో. ఇట్టి కేంద్రములలో పని మూడంచెలుగా జరుగును. మొదటి యంచెలో కంపెనీ యుద్యోగి కాగితములు చేర్చుకొని, ఛాయాచిత్రమును వ్రేలిముద్రలను తీయును. తక్కిన రెండంచెలలో ప్రభుత్వోద్యోగులు పరిశీలించి నిర్ణయింతురు. ఆ మొదటి బల్లకడ కూర్చున్న యువకుడే యీ వృత్తిలో తొలిమెట్టున నున్నవాడు.

అతడు ముందుగా నెఱుగవలసినది రేఖల స్వభావము. సాముద్రికమున మనవారు శంఖములు, చక్రములు అని చెప్పుదురు గదా. ఈ శాస్త్రమునను అవియే ప్రధానము. నూఱు వ్రేళ్ళను చూచినచో ఇంచుమించు అఱువదింట శంఖమువంటి మడతయు, ముప్పదింట చక్రమువంటి సుడియు, కొద్దివానియందు విల్లువంటి వంపును కనబడును. అయితే శంఖమో చక్రమో యని తెలిసినంతమాత్రమున మనిషి తెలియడు. ఒక రేఖ ఎచ్చట తెగినది, ఎచ్చట రెండుగా చీలినది, ఎచ్చట చుక్కవలె నిలిచినది అను సూక్ష్మములే మనిషిని పట్టియిచ్చును. తల్లి గర్భమున ఆఱవ నెల నిండకమునుపే యేర్పడిన యీ రేఖలు కడవఱకు మాఱవు. కవలలకైనను ఇవి వేఱువేఱు.

పైపొర అరిగినచో రేఖలు మఱల తేరుకొనును. లోపొర తెగినచో మచ్చ నిలుచును. ఆ మచ్చయే క్రొత్త గుర్తగును. కువైటునుండి పంపివేయబడినవారు తిరిగి ఆ దేశమున ప్రవేశించుటకై వ్రేళ్ళకొనలను కోయించుకొనుచుండగా, ఆ శస్త్రచికిత్స చేయుచున్న ముఠాను 2022లో రాచకొండ పోలీసులు పట్టుకొనిరి.

ఇక ముద్ర తీయు విధము. సిరాతో తీయునపుడు పలకపై సిరాను పలుచగా పఱచి, వ్రేలిని గోరు ఒక అంచునుండి రెండవ అంచువఱకు ఒక్కమాఱే దొర్లింపవలెను. బొటనవ్రేలిని దేహమువైపునకును, తక్కినవానిని దేహమునకు వెలుపలివైపునకును దొర్లించుట పద్ధతి. సిరా ఎక్కువైనచో రేఖలు కలిసిపోవును, తక్కువైనచో విఱిగిపోవును. నేడు సిరాకు మాఱుగా అద్దపు పలకగల యంత్రము వచ్చినది. అద్దమున మునుపటివాని చెమట నిలిచినను, వ్రేలు ఎండియున్నను ముద్ర చెడును. అద్దమును తుడుచుట, వచ్చినవాని చేయి కడిగించుట, ఎండిన వ్రేలికి కొంచెము తడి తగిలించుట – ఇవి చిన్న పనులుగా తోచును. కాని మొదట చెడిన ముద్రను తరువాత ఎంతటి నిపుణుడును బాగుచేయజాలడు.

ఈ మాట మీకేల చెప్పుచున్నాననగా, రేఖలు మొదట అరుగునది మనవారి చేతులనే. నాగలి పట్టినవాడు, సున్నము సిమెంటు కలిపినవాడు, వయసు మీఱినవాడు – వీరి ముద్రను యంత్రము తఱచుగా నిరాకరించును. రేషను దుకాణమున మూడుమాఱులు వ్రేలు పెట్టి, రిక్తహస్తములతో మరలిన ముసలివారిని మీరెఱుగుదురు. ఆ బియ్యము వారి హక్కు. అరిగిన వ్రేలు వారి తప్పు కాదు. అనుభవముగల యుద్యోగి విసుగుకొనక పదివ్రేళ్ళను ప్రయత్నించి, బాగుగా పడు వ్రేలిని గుర్తించును; అదియు కుదరనిచో కనుపాపను చూచును. 2018లో ఆధార్ తీర్పునందు సుప్రీముకోర్టువారు, గుర్తింపు కుదరలేదను కారణమున అర్హుడెవ్వడును సాయమునకు దూరము కారాదని స్పష్టముగా చెప్పియున్నారు. ఈ సంగతి గ్రామ పెద్దలు చేతనుంచుకొనదగినది.

తీయుట ఒక యెత్తు, సరిచూచుట మఱియొక యెత్తు. ఈ రెండవ పని పోలీసు శాఖలోని వ్రేలిముద్రల విభాగమున జరుగును. తెలంగాణలో ఇందు చేరువాడు సహాయ సబ్ ఇన్‌స్పెక్టరుగా మొదలిడును. శిక్షణ పొంది, అఖిలభారత పరీక్షలో నెగ్గినపిమ్మటనే నిపుణుడనిపించుకొనును. ఈ విద్యకు మన దేశమే పుట్టినిల్లనదగును. 1858లో బంగాళమున హెర్షెలు దొర ఒక కంట్రాక్టు కాగితముపై సంతకమునకు తోడుగా చేతిముద్ర వేయించుకొనెను. 1897లో కలకత్తాలో ప్రపంచమున తొలి వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అచ్చటి అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు ముద్రలను 1024 అఱలలో అమర్చు లెక్కను సాధించిరి. కీర్తి మాత్రము వారి పై యధికారియైన హెన్రీ దొరకు దక్కెను. నేడు అఱల పనిని యంత్రము చేయుచున్నది. 2022లో దేశమంతటికిని ఒకే వ్రేలిముద్రల వ్యవస్థ ప్రారంభమైనది. ఐనను యంత్రము పోలిన ముద్రలను ముందుంచునే కాని, ఇతడే యని తేల్చవలసినది మనుష్యుని కన్నే.

ఆ కన్ను పొరపడుటయు కలదు. 2004లో స్పెయిను దేశపు రాజధానిలో రైళ్ళలో బాంబులు ప్రేలినపుడు, దొరికిన యొక ముద్రను అమెరికా పోలీసు నిపుణులు తమ దేశపు న్యాయవాదిదని నిశ్చయించిరి. ఒకరు చెప్పినదానిని పరీక్షించినవారందఱును తలయూపిరి. ఆ న్యాయవాది రెండు వారములు నిర్బంధమున గడిపిన పిదప, ముద్ర వేఱొకనిదని స్పెయిను పోలీసులు తేల్చిరి. కావుననే రెండవ పరీక్షకుడు మొదటివాని మాటతో పనిలేకుండ స్వయముగా చూడవలెనని నియమము.

ముద్ర సరిపడినను అది చెప్పునది కొంతయే. జల్పాయిగురిలో ఒక తేయాకు తోట అధికారి హతుడయ్యెను. ఆయన పెట్టెలోని పంచాంగముపై నున్న ముద్ర మునుపటి సేవకుడైన కంగాళీ చరణునిదని తేలెను. న్యాయస్థానము అతనిని దొంగతనమునకు శిక్షించెనే కాని, హత్యకు శిక్షింపలేదు. ఏలయన, ముద్ర వాడు పంచాంగమును ముట్టెనని చెప్పినదే కాని, చంపెనని చెప్పలేదు. ఆ వివేకము నేటికిని నిపుణునకు ఆదర్శము. తెలిసినంతవఱకు చెప్పి, మసకబాఱిన ముద్రను చూచి ‘ఇది చెప్పజాలను’ అనుటకు జంకనివాడే యీ యుద్యోగమునకు తగినవాడు.

మీ యింటి పిల్లవాడు ఈ పనిలో చేరెదనన్నచో సంతోషముగా పంపుడు. జీతము మొదట స్వల్పమే కావచ్చును. కాని వానిచేతిలో ఒక ముసలివాని బియ్యముండును. ఒక్కొక్కప్పుడు ఒక నిర్దోషి స్వేచ్ఛయు నుండును. తొందరపడకుమని వానికి మీరే చెప్పి పంపుడు.