రాయి విసరని నిష్కళంకుడు

మనుష్యజన్మ ఎత్తినవాడు పాపం అంటకుండా జీవించడం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు సమాధానంగా క్రైస్తవ ధర్మం యేసు జీవితాన్ని చూపుతుంది. మన పొరుగింటివారు ఏమి నమ్మి చేతులు జోడిస్తున్నారో తెలుసుకోవడం వల్ల మన ధర్మనిష్ఠకు లోటేమీ రాదు. పాఠక మహాశయులారా! ఆ విశ్వాసాన్ని వారు చెప్పుకొనే తీరులోనే ఒకసారి పరిశీలించండి.

క్రైస్తవుల నమ్మకంలో యేసు సంపూర్ణంగా దైవం, సంపూర్ణంగా మానవుడు. క్రీ.శ. 451లో కాల్సిడాన్ నగరంలో సమావేశమైన మతాచార్యుల మహాసభ ఈ సిద్ధాంతాన్ని నిర్ణయించింది. పాపం ఒక్కటి తప్ప తక్కిన అన్నిటా ఆయన మనవంటివారేనని ప్రకటించింది. అధిక సంఖ్యాక క్రైస్తవ శాఖలకు నేటికీ అదే ప్రమాణం.

ఈ మానవత్వం నటన కాదని సువార్తలు చూపుతాయి. యేసు నజరేతులో వడ్రంగి పని చేశారు. సమరయ దేశంలో అలసి బావి దగ్గర కూర్చుని ఒక స్త్రీని మంచినీళ్ళు అడిగారు. ప్రియమిత్రుడైన లాజరు సమాధి వద్ద కన్నీరు కార్చారు. ఆకలిదప్పులు, అలసట, శోకం దేహధర్మాలే తప్ప పాపాలు కావని దీని భావం.

మరి పాపమంటే ఏమిటి? క్రైస్తవుల దృష్టిలో చెడ్డపని ఒక్కటే పాపం కాదు. భగవంతుని చిత్తానికి విముఖమైన మనసే దానికి మూలం. ఆదాము నుండి ఆ వైముఖ్యం మానవజాతికి సంక్రమించిందనీ, యేసుకు మాత్రం అది సోకలేదనీ వారు విశ్వసిస్తారు.

శోధనకు నిలిచిన మనసు

సోకలేదంటే పరీక్షలు ఎదురుకాలేదని కాదు. యేసు అరణ్యంలో 40 దినాలు ఉపవసించారు. ఆకలిగొన్న వేళ సాతాను వచ్చి రాళ్ళను రొట్టెలుగా మార్చుకొమ్మన్నాడు. దేవాలయ శిఖరం నుండి దూకమన్నాడు. తనకు మొక్కితే లోకరాజ్యాలన్నీ ఇస్తానన్నాడు. మూడింటినీ ఆయన తిరస్కరించారు. ఆ ఉపవాస స్మరణగా తెలుగు కథోలికులు పాటించే దీక్షాదినాలకు ‘తపస్కాలం’ అని పేరు. ఆ మాటకు మనకు వేరే అర్థం చెప్పనక్కరలేదు.

సిలువ మరణానికి ముందురాత్రి గెత్సేమనే తోటలో ఆయన తీవ్రవేదన అనుభవించారు. ఆ కష్టం తప్పిపోవాలని ప్రార్థించారు. అయినా తన ఇష్టం కాక తండ్రి చిత్తమే నెరవేరాలని వేడుకున్నారు. యేసులో దైవసంకల్పం, మానవసంకల్పం రెండూ ఉన్నాయనీ, రెండవది మొదటిదానికి ఎదురు నిలువక అనుసరించిందనీ 681లో ముగిసిన కాన్‌స్టాంటినోపుల్ మహాసభ తీర్మానించింది.

దీనిని మన అవతార తత్త్వంతో కలిపివేయడం తగదు. భగవంతుణ్ణి కర్మలు అంటవని గీతాచార్యుని బోధ. ఆయన అవతారాలు అనేకం. క్రైస్తవులకు యేసు జన్మ మళ్ళీ సంభవించనిది, ఒక్కటే. భేదాన్ని భేదంగా ఎరిగి గౌరవించడమే పండితులకు ఉచితం.

పావిత్ర్యం ఏం చేసింది?

యోహాను సువార్తలో ఒక ఘట్టం ఉంది. వ్యభిచార దోషానికి పట్టుబడిన స్త్రీని కొందరు యేసు ఎదుటికి తెచ్చారు. ధర్మశాస్త్రం ప్రకారం ఆమెను రాళ్ళతో కొట్టాలన్నారు. తమలో పాపం లేనివారే మొదటి రాయి వేయాలని యేసు అన్నారు. పెద్దలు మొదలుకొని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. క్రైస్తవ విశ్వాసాన్ని అనుసరించి చూస్తే, ఆ నియమం ప్రకారం రాయి విసిరే అర్హత ఉన్న ఒకే ఒక్కరు అక్కడ మిగిలారు. ఆయన విసరలేదు. ఇకపై పాపం చేయవద్దని చెప్పి ఆమెను పంపివేశారు. దోషం దోషమేనన్నారు. మనిషిని మాత్రం కాపాడారు.

శౌచం, మడి, ఆచారం మనకు ప్రాణప్రదాలు. గర్భాలయంలో నిలిచే మావంటి అర్చకులకు అవి విడువరానివి. అయితే ఆచారశుద్ధి పెరిగేకొద్దీ తప్పు చేసినవారిపై మనకు కాఠిన్యం పెరుగుతున్నదా, కరుణ పెరుగుతున్నదా? మీ ఇంట దారి తప్పిన తమ్ముడో, మాట దాటి వెళ్ళిన బిడ్డో ఉండవచ్చు. ఈ సాయంత్రం దీపారాధన చేసి నమస్కరించే వేళ వారిని ఒకసారి తలచుకోండి. మీ చేతిలో రాయి ఉంటే కింద పెట్టండి.